ఫ్యాను మీద ఒట్టు

ఆ పొద్దున మిఫ్లిహ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టీ తాగాలి, లారీని బావమరిది ఫ్రేజ్ షెడ్డుకు లాగించాలి, విరిగిపోయిన ఇంజను ఫ్యాను తీయించి ఇంకోటి బిగించుకోవాలి, మధ్యాహ్నానికి అఖబా రేవుకు దిగి బార్లీ బస్తాలు ఎత్తుకోవాలి, ఎండ వాలాక యుతుమ్ లోయ ఎగువ ఎక్కి ఖువైరాలో ఇంటికి చేరి భోంచేయాలి. కట్టుకున్న పెళ్ళాన్ని వదిలేయడం అనేది ఆ ప్లానులో ఎక్కడా లేదు.

లారీ ఒక్కటే, అన్నదమ్ములు ఇద్దరు. అన్న మిఫ్లిహ్‌కి మీసాలు తెల్లబడ్డాయి, కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు చేసేశాడు. తమ్ముడు అవ్వాద్‌కి పెళ్ళై ఏడాది తిరగలేదు. రెండు ఇళ్ళలో పొయ్యి వెలగాలంటే ఆ లారీ చక్రం తిరగాలి. ముందురోజు ఎగువలో ఫ్యాను రెక్క ఒకటి ఊడి, రేడియేటరును చీల్చి, బండిని నడిరోడ్డున కూలేసింది. ఫ్రేజ్ రేడియేటరుకు అతుకు వేసి, షెడ్డు నేలమీద రెండు ఫ్యాన్లు పరిచి, ఏది కావాలో మీరే చెప్పండి అన్నాడు. అక్కడే చేశాడు పొరపాటు. అన్నదమ్ముల ముందు రెండు వస్తువులు పెట్టకూడదని వాళ్ళమ్మ చెప్పి ఉండాల్సింది.

ఒకటి బెల్టు ఫ్యాను. ఇంజనుకు తగిలించి ఉంటుంది, ఇంజను తిరిగితే తిరుగుతుంది, ఆగితే ఆగుతుంది. రెండోది కరెంటు ఫ్యాన్ల జత. తుక్కుకు వచ్చిన ఒక పెద్ద కొత్త లారీలోంచి ఫ్రేజ్ ఊడదీసింది, దాని పెద్ద డైనమోతో సహా. ఇంజను వేడెక్కినప్పుడు దానంతట అదే మొదలవుతుంది, చల్లబడగానే ఆగిపోతుంది. ఫ్రేజ్‌ని అడిగితే రెండూ పనిచేస్తాయన్నాడు. మొదటిది ఎప్పుడూ నమ్మకంగా ఉంటుంది గానీ కాస్త డీజిలు తింటుంది, రెండోది పొదుపు గానీ వైర్లు సరిగ్గా వేయాలి, వేసే పూచీ నాది అన్నాడు. ఇంత మంచి సలహా ఎవరికీ అక్కర్లేకపోయింది.

“ఇంజను తిరిగినంతసేపూ తిరగాలి. అదీ ఫ్యానంటే,” అన్నాడు మిఫ్లిహ్. “దానికి బుద్ధి పుట్టినప్పుడు తిరిగి, పుట్టనప్పుడు ముడుచుకు కూచునేది నాకెందుకు?”

“అవసరమైనప్పుడు తిరుగుతుందన్నా. పొద్దస్తమానం గిరగిరా తిరిగి మన డీజిలు తాగడం దేనికి?” అన్నాడు అవ్వాద్.

షెడ్డులో అప్పటికే నలుగురైదుగురు డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని కూచున్నారు. మా ఖువైరాలో ఏ షెడ్డులోనైనా బండ్లకన్నా టీ తాగేవాళ్ళే ఎక్కువ. అన్న ఒకటంటే తమ్ముడు రెండన్నాడు. వైర్లు కాలిపోతాయని అన్న, రెక్క ఊడి రేడియేటరు చీల్చింది ఏ ఫ్యానో చెప్పమని తమ్ముడు. ఇంతలో కూచున్నవాళ్ళలో ఒకడు గ్లాసు అడుగున చక్కెర కలుపుకుంటూ, ఇంతకీ ఆ బండికి పెద్ద ఎవరబ్బా అని అడిగాడు. ఊరికే అడిగాడు. కొంపలు ముంచేవాళ్ళందరూ ఊరికే అడుగుతారు.

మిఫ్లిహ్ లేచి నిలబడ్డాడు. “ఈ లారీకి కరెంటు ఫ్యాను ఎక్కిందా, నా పెళ్ళానికి తలాక్,” అన్నాడు.

అవ్వాద్ కూడా లేచాడు. “బెల్టు ఫ్యాను ఎక్కితే నా పెళ్ళానికి తలాక్.”

టీ గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి.

మావాళ్ళకు తలాక్ ఒట్టు ఊతపదం. ఇంటికొచ్చిన చుట్టం ఇంకో ముద్ద తినకపోతే తలాక్. మేక బేరం దగ్గర ఇంకొక్క దీనారు తగ్గించినా తలాక్. రోజుకు ఎన్నిసార్లు అంటారో లెక్కపెడితే మా ఊళ్ళో ఒక్క ఆడది కాపురం చేయకూడదు. కానీ అన్నమాట నిజంగా జరిగినప్పుడు మాత్రం దానికి లెక్క ఉంటుంది. ఒకసారి, రెండుసార్లు తలాకైతే మొగుడు భార్యను తిరిగి తెచ్చుకోవచ్చు. మూడోసారి అయిందా, ఇక తిరిగి తెచ్చుకునేది లేదు, ఆ గుమ్మం ఆ గుమ్మమే, ఈ గుమ్మం ఈ గుమ్మమే.

మిఫ్లిహ్ ఖాతాలో అప్పటికే రెండు అయిపోయాయి. మొదటిది ఒక చుట్టం వల్ల. భోంచేయకుండా పోతే తలాకని మిఫ్లిహ్ ఒట్టేశాడు. ఆ చుట్టానికి కడుపు బాగోలేదు, పెరటి గోడ దూకి పోయాడు. రెండోది వేలు విడిచిన అన్న కొడుకు లారీ వల్ల. ఎగువలో నా బండిని దాటితే తలాకన్నాడు. వాడు దాటేశాడు, పైగా హారన్ కొట్టి మరీ దాటాడు. రెండుసార్లూ అతని పెళ్ళాం ఫిద్దా మూట కట్టుకుని అన్న ఫ్రేజ్ ఇంటికి పోయింది, రెండుసార్లూ పెద్దమనుషులు పోయి తీసుకొచ్చారు. రెండోసారి మసీదు ఇమాం మిఫ్లిహ్‌ని పక్కకు పిలిచి, ఎడారిలో ఆఖరి అగ్గిపుల్లను దాచుకున్నట్టు ఆ మూడోదాన్ని దాచుకో నాయనా అన్నాడు. మిఫ్లిహ్ ఆ అగ్గిపుల్లను ఇప్పుడు ఫ్యాను ముందు గీశాడు.

ఫిద్దా ఎవరి చెల్లెలో ఆ షెడ్డులో అందరికీ తెలుసు. ఫ్రేజ్ మొహం పాలిపోయింది. రెండు ఫ్యాన్లూ ఎత్తి కొట్టు గదిలో పడేసి, తాళం వేసి, తాళంచెవి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

“బావా, ఒకటి బిగిస్తే నా చెల్లెలు రోడ్డున పడుతుంది. ఇంకోటి బిగిస్తే ఆ కొత్తపిల్ల పడుతుంది. నేను మెకానిక్కుని, ఖాజీని కాను,” అన్నాడు.

అలా లారీ ఫ్యాను లేకుండా నిలబడిపోయింది. అఖబాలో బార్లీ వ్యాపారి మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేశాడు, సాయంత్రం ఇంకోసారి చేశాడు. రెండోసారి కాస్త గొంతు పెంచి, మఆన్‌లో గొర్రెలు మేత లేక గోడలు నాకుతున్నాయి, మీరు రాకపోతే ఇంకో బండికి ఎత్తిస్తానన్నాడు. ఆ వ్యాపారి పోతే ఆ ఏడాదికి ఇంకో బేరం దొరకదు. సంగతి అన్నదమ్ములిద్దరికీ తెలుసు. తెలిసీ ఎవరూ మెత్తబడలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. మా ఊళ్ళో నోరు జారినవాడు తీసుకోవడానికి ప్రయత్నించడు కూడా, జారినచోటే మంచం వేసుకుని పడుకుంటాడు.

ఊరు రెండు ముక్కలైంది. టీ కొట్టులో ఒక బల్ల బెల్టువాళ్ళది, ఒక బల్ల కరెంటువాళ్ళది. జన్మలో స్టీరింగు పట్టనివాడు కూడా డైనమో గురించి మాట్లాడాడు. రెండు ఫ్యాన్లూ బిగించేయండి, గొడవుండదు అని ఒక మేధావి సలహా ఇచ్చాడు. అప్పుడు ఇద్దరు ఆడవాళ్ళూ పోతారు కదరా అని పక్కవాడు నెత్తిమీద మొట్టాడు. ఇవన్నీ అయ్యాక అసలు ఫ్యానే లేకుండా పోతే ఎవరి ఒట్టూ తప్పదు కదా అన్న ఆలోచన అన్నదమ్ములకు ఒకేసారి తట్టింది. ఆ వారంలో వాళ్ళిద్దరికీ కుదిరిన ఒకే ఒక్క మాట అదే.

మర్నాడు పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఖాళీ లారీని లోయలోకి కొంతదూరం దింపి వెనక్కి తిప్పి ఎక్కించి చూశారు. దిగేటప్పుడు బ్రహ్మాండంగా దిగింది. రాయి కూడా బ్రహ్మాండంగానే దిగుతుంది. ఎక్కేటప్పుడు రెండో మలుపుకే ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. మిఫ్లిహ్ బండి ఆపాడు. అవ్వాద్ నీళ్ళ డబ్బా తీసుకుని దిగి, కాస్త ఆగరా అని అన్న అరుస్తూనే ఉన్నా వినకుండా, రేడియేటరు మూత తిప్పాడు. మరిగిన నీళ్ళు పైకి చిమ్మాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు ఊడొచ్చింది. వాణ్ణి దార్న పోయే పికప్పులో అఖబా ఆసుపత్రికి పంపి, మిఫ్లిహ్ రోడ్డు పక్కన కూచుని, కరెంటు ఫ్యాను గొప్ప ఇప్పటికైనా తెలిసిందా వీడికి అనుకున్నాడు. అందులో కరెంటు ఫ్యాను తప్పేముందో ఆ దేవుడికే తెలియాలి.

కాలిన చేతికి కట్టుతో అవ్వాద్ ఇంటికి వచ్చేసరికి ఇల్లు తాళం. మామగారు, పాత సార్జెంటు, వచ్చి కూతురు నౌఫాను తీసుకుపోయాడు. నిజానికి పెద్దమనుషులు ఆ పొద్దున ఆయన దగ్గరికి మంచి రాయబారమే మోసుకెళ్ళారు. అవ్వాద్‌కి ఇది మొదటి ఒట్టు కదా, బెల్టు ఫ్యానే బిగిద్దాం, అమ్మాయికి ఒక తలాక్ అవుతుంది, గంటలో తిరిగి తెచ్చుకుంటాడు, ఇంకా రెండు మిగిలే ఉంటాయి, అటు ఫిద్దా కాపురమూ నిలబడుతుంది అని. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని వాళ్ళ ఉద్దేశం. లోపలి నుంచి నౌఫాయే జవాబిచ్చిందట. ఇవాళ ఫ్యానుకొకటి, రేపు టైరుకొకటి, ఎల్లుండి అద్దం తుడిచే బ్రష్షుకొకటి ఖర్చుపెడతారా, నా మూడూ మీ లారీ సామానుకని ఎవరన్నారు అని. సార్జెంటు లేచి సెల్యూట్ కొట్టినట్టు తలుపు చూపించాడు.

ఇన్ని జరుగుతున్నా ఫిద్దాను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె కాపురం గురించే ఊరంతా బెంగపడుతోంది కాబట్టి ఆమెను అడగాల్సిన పనేముందని కాబోలు. ఆమె మూట కట్టి గుమ్మం వెనక పెట్టుకుంది. ఏ క్షణాన ఎవడు ఏ ఫ్యాను బిగించాడన్న కబురొస్తుందో తెలియదు. రొట్టెలు చేసేటప్పుడూ చెవి వీధివైపే. మరిది చేతికి మందు రాయడానికి పోయినప్పుడు వాడు వదినా, నావల్లే వచ్చింది ఇదంతా అని ఏడ్చాడు. నీ వల్ల కాదులే అని ఆమె కట్టు మార్చి వచ్చేసింది. మిఫ్లిహ్ ఇంట్లో తిన్నాడు, పడుకున్నాడు, బార్లీ వ్యాపారి గురించి గొణుక్కున్నాడు. ఏమే, భయపడుతున్నావా అని పెళ్ళాన్ని ఒక్కసారైనా అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

చివరికి ఇమామే తోవ చూపించాడు. అఖబాలో ముఫ్తీగారి దగ్గరికి పొండి, కోపంలో బెదిరింపుగా అన్నమాటా, నిజంగా వదిలేయాలనే అన్నమాటా రెండూ ఒకటి కావు, ఆయన మనసులో ఉద్దేశం అడిగి చెబుతారు అన్నాడు. అన్నదమ్ములు అద్దె వ్యానులో బయల్దేరారు. భార్యలనూ తీసుకురమ్మన్నారు కాబట్టి ఫిద్దా, నౌఫా, నౌఫాకు కాపలాగా సార్జెంటు బయల్దేరారు. సాక్ష్యానికని షెడ్డులో టీ తాగిన డ్రైవర్లూ ఎక్కారు. సాక్ష్యం కావాలన్న మాట ఎవరూ అనలేదు. వినోదం ఎవరికి చేదు?

ముఫ్తీగారు సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఫ్యాను సంగతి మొత్తం విని కాసేపు కళ్ళు మూసుకున్నారు. ఆ కళ్ళు మూసుకోవడం ధ్యానమో, విసుగో చెప్పడం కష్టం. ముందు అవ్వాద్‌ని పిలిచి, ఆ మాట అన్నప్పుడు నీ భార్యను వదిలేయాలనే అనుకున్నావా నాయనా అని అడిగారు.

“లేదు షేక్,” అన్నాడు అవ్వాద్ ఆయన మాట పూర్తికాకుండానే. “మా అన్న మాట నెగ్గకూడదని అన్నాను, అంతే. ఆమె లేకపోతే నాకు ఆ లారీ దేనికి?”

వెనక కూచున్న డ్రైవర్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. అవ్వాద్ తల వంచుకున్నాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. నౌఫా ముసుగులోంచి ఏడ్చింది. ముఫ్తీగారు సంతోషించి, అయితే ఇది తలాక్ కాదు, ఒట్టు తప్పినందుకు పదిమంది పేదలకు అన్నం పెట్టు, పెళ్ళాన్ని ఇంటికి తీసుకుపో, ఇంకెప్పుడూ ఆ మాట నోట రానీయకు అన్నారు. దాంతో చిక్కు తెగిపోయింది. బెల్టు ఫ్యాను బిగించుకోవచ్చు, మిఫ్లిహ్ ఒట్టుకు భంగం లేదు. మిఫ్లిహ్ నోరు మూసుకుని లేచి వచ్చేస్తే చాలు.

కానీ ముఫ్తీగారు మంచివారు. ఈయన మెడమీద కూడా ఆ కత్తి ఎందుకు, తీసేద్దామనుకున్నారు. “నువ్వు కూడా కోపంలో అన్నదేగా?” అని తప్పించుకునే తలుపు బార్లా తెరిచినట్టు అడిగారు.

మిఫ్లిహ్ వెనక్కి తిరిగి డ్రైవర్లను చూశాడు. ఇందాక కిసుక్కుమన్నవాడు పళ్ళన్నీ బయటపెట్టి సిద్ధంగా ఉన్నాడు.

“నేను కోపంలో మాట్లాడను షేక్. అన్నమాట అన్నట్టే.”

పక్కనే ఉన్న ఫిద్దా అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. ముఫ్తీగారు ఇంకోసారి అడిగారు. నాయనా, నీకు మిగిలింది ఒక్కటే అని విన్నాను, బాగా గుర్తుచేసుకో, ఈమెను వదిలేయాలని నిజంగా నీ మనసులో ఉందా అని. ఉంది షేక్, కరెంటు ఫ్యాను ఎక్కితే వదిలేయాలనే అన్నాను, మిఫ్లిహ్ మాటకు రెండు అర్థాలుండవు అన్నాడు మిఫ్లిహ్. ఫిద్దా చొక్కా చెయ్యి వదిలేసింది. ముఫ్తీగారు అతన్నే చూస్తూ, అయితే జాగ్రత్తగా ఉండు, ఆ ఫ్యాను ఎవరి చేత్తో ఎక్కినా, నీకు తెలిసి ఎక్కినా తెలియక ఎక్కినా, ఆ క్షణానే ఈమె నీకు కాదు అన్నారు. ఏం పర్లేదు, నా బావమరిది ప్రాణం పోయినా అది బిగించడు అని మిఫ్లిహ్ నవ్వాడు.

తిరుగుదారి అంతా పండగే. తన ఫ్యానే నెగ్గింది, తన ఒట్టే నిలబడింది, తమ్ముడు మాత్రం పదిమంది ముందు తుస్సుమన్నాడు. ఒక్కడు గెలవాల్సిన పోటీలో మిఫ్లిహ్ రెండుసార్లు గెలిచాడు. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో విందు పెట్టాడు. పేదలకు అన్నం పెట్టాల్సింది అవ్వాద్, విందు పెట్టింది మిఫ్లిహ్, తిన్నది డ్రైవర్లు. గొర్రె మాంసం, పెరుగు పులుసు, అన్నం పెద్ద పళ్ళేల్లో దించి, ముఫ్తీగారు ఏమడిగారో, తను ఏమన్నాడో మొదటినుంచీ చెప్పాడు. ఎవరైనా కొత్తవాడు వస్తే మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ “ఉంది షేక్” అన్న మాట ఇంకాస్త గట్టిగా అన్నాడు. తెర వెనక ఫిద్దా పులుసు వడ్డిస్తూ అన్నిసార్లూ వింది. తెర గుడ్డదే కదా.

తిన్నవాళ్ళు తిన్నచోటే ఒరిగి గుర్రుపెట్టాక, ఆమె ఒక గిన్నెలో అన్నం, మాంసం సర్ది, పైన రొట్టె కప్పి, అన్నకు భోజనం ఇచ్చొస్తానని పక్కింటావిడతో చెప్పి షెడ్డుకు పోయింది. గుమ్మం వెనక మూట కూడా తీసుకుంది.

ఫ్రేజ్ బెల్టు ఫ్యాను బయటకు తీసి బోల్టులకు గ్రీజు పూస్తున్నాడు. చెల్లెల్ని చూసి మొహమంతా నవ్వుతో, ఇంక నీకే గండమూ లేదు, సాయంత్రానికి బిగించేస్తాను అన్నాడు.

“అది కాదన్నా. కరెంటుది బిగించు.”

ఫ్రేజ్ గ్రీజు డబ్బా కింద పెట్టాడు. మతి ఉండే మాట్లాడుతున్నావా, అది బిగిస్తే ఏమవుతుందో తెలుసా అన్నాడు.

“తెలుసు. మొదటిసారి పంపినప్పుడు నవ్వుకున్నాను. ఒట్టు తప్పి పోయింది, ఏం చేస్తాడు పాపం అనుకున్నాను. రెండోసారి ఏడ్చాను. అయినా తిరిగెళ్ళాను. అన్నప్పుడు మనసులో నేను ఉండను, ఊరికే నోరు తిరుగుతుంది అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే చెప్పుకుని బతికాను.” ఆమె గిన్నె బల్లమీద పెట్టింది. “నిన్న ఆ షేక్ అడిగితే ఉందన్నాడు. అక్కర్లేకుండా అన్నాడు. లేదు అనడానికి ఏమి పోయింది, ఒక్క నవ్వు. ఎవడో నవ్వుతాడని నన్ను ఇచ్చేశాడు.”

“కోపంలో, పరువుకోసం...”

“కొత్తపిల్ల మొగుడికి పరువు లేదా? వాడు లేదన్నాడు. నేను వినకపోతే బాగుండేది. విన్నాను. ఇంక ఆ ఇంట్లో ఏ చప్పుడైనా నాకు ఫ్యానులాగే వినిపిస్తుంది. టైరు పేలితే నేనేనా, బ్రేకు పోతే నేనేనా అని గుమ్మం దగ్గర మూటతో ఎన్నాళ్ళు కూచోను? ఆయన మాట నిలబెడదాంలే అన్నా. మాటంటే ఆయనకి అంత ప్రాణం.”

ఫ్రేజ్ చాలా చెప్పాడు. ఊరు ఏమంటుందో చెప్పాడు, వయసు చెప్పాడు, కూతుళ్ళ అత్తవారిళ్ళు చెప్పాడు, తను ముసలివాడవుతున్నానని కూడా చెప్పాడు. ఆమె వింటూ కూచుంది. మాటలైపోయాక, అన్నా, నీ ఇంట్లో నాకు చోటుందా లేదా, అదొక్కటే చెప్పు అంది. వాడు చేతుల గ్రీజుతోనే కళ్ళు తుడుచుకున్నాడు. మొహమంతా నల్లబడింది. తర్వాత కొట్టు గది తాళం తీశాడు. పొద్దు వాలేలోగా రెండు కరెంటు ఫ్యాన్లూ, పెద్ద డైనమో, వైర్లూ బిగించాడు. ఆ పని వాడు ఎప్పుడూ లేనంత శ్రద్ధగా చేశాడు. చెల్లెలి కాపురం ఖర్చుతో బిగించే ఫ్యాను మధ్యదారిలో మొరాయిస్తే ఇంక దేనికి?

ఆ సాయంత్రం ఫిద్దా ఇంటికి రాలేదు. అన్నకు ఒంట్లో బాగోలేదు, ఈ రాత్రికి అక్కడే ఉంటానందని పక్కింటావిడ చెప్పింది. ఉండనీ అన్నాడు మిఫ్లిహ్. తెల్లారి షెడ్డుకు పోతే ఫ్రేజ్ లారీ తాళంచెవి చేతిలో పెట్టి మొహం తిప్పుకున్నాడు. నిజంగానే ఒంట్లో బాగోలేదు కాబోలు అనుకున్నాడు మిఫ్లిహ్. బానెట్ ఎత్తి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. ప్రపంచంలో కరెంటు ఫ్యాను బిగించని మనిషంటూ ఒకడుంటే అది ఫ్రేజే.

లోయ దిగుడు కాబట్టి ఇంజను వేడెక్కే పని లేకుండానే అఖబా చేరారు. బార్లీ వ్యాపారి తిట్టాల్సినవన్నీ తిట్టి బస్తాలెత్తించాడు. ఎండ చుర్రుమంటుండగానే ఎగువ మొదలైంది. లారీ చిన్న గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అవ్వాద్ పక్కన కూచున్నాడు. మిఫ్లిహ్ వాడికి కూడా ముఫ్తీగారి కథ మొదటినుంచీ చెబుతున్నాడు, వాడు ఆ గదిలో లేనట్టు. ముల్లు మెల్లగా పైకి లేచి, ఎర్రగీత ఇంకా ఎంతో దూరం ఉండగానే, బానెట్ కింద ఏదో ఒక్కసారిగా హోరున మొదలైంది.

అవ్వాద్ ముందుకు వంగాడు. ముల్లు ఆగింది. కాసేపటికి కిందికి దిగడం మొదలుపెట్టింది.

“అన్నా, ఇది కరెంటు ఫ్యాను,” అన్నాడు అవ్వాద్ ఆనందం పట్టలేక. “చూడు, ఎంత బరువుతో ఎక్కుతున్నా...” అని, అక్కడే నోరు మూసుకున్నాడు.

హోరు ఆగిపోయింది. కాసేపు ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ మొదలైంది. బెల్టు ఫ్యాను అలా ఆగి మొదలవదని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మిఫ్లిహ్ బండిని రోడ్డు పక్కకు లాగి ఇంజను ఆపేశాడు. ఇంజను ఆగింది. ఫ్యాను ఆగలేదు. ఆ ఎండలో, ఆ కొండల మధ్య, దాని పని అది చేసుకుంటూ తిరుగుతూనే ఉంది.

ఫోన్ తీసి ఫ్రేజ్‌కి చేశాడు. ఏం చేశావురా అని అరిచాడు.

“నా అంతట నేను చేయలేదు బావా, తనే అడిగింది,” అన్నాడు ఫ్రేజ్. “నువ్వు మాట తప్పవని నమ్మి అడిగింది.”

“ఒకసారి ఫిద్దాకివ్వు. నేను ఊరికే అన్నానని చెబుతాను. ఆ షేక్ దగ్గరికే పోయి చెబుతాను.”

అటువైపు ఫ్రేజ్ లోపలికి నడిచిన చప్పుడు వినపడింది. తర్వాత ఫ్రేజ్ గొంతే వచ్చింది. “అడిగాను బావా. పరాయి మగవాడితో ఫోన్లో మాట్లాడనంటోంది.”

మిఫ్లిహ్ దిగి, ముందు చక్రం పక్కన నీడలో చతికిలబడ్డాడు. తలమీది గుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అవ్వాద్ ఆ పక్కనే కూచుని, మంచి చెయ్యి అన్న వీపుమీద వేశాడు. కాసేపటికి వెనక నుంచి వస్తున్న లారీ వాళ్ళ దగ్గర నెమ్మదించింది. ముఫ్తీగారి గదిలో నవ్విన డ్రైవరే. కిటికీలోంచి తల బయటపెట్టి, ఏమైందిరా, బండి వేడెక్కిందా అని అడిగాడు.

లేదు, బండి చల్లగానే ఉంది అన్నాడు అవ్వాద్.